గాజుల గవి

మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాడికి పక్క ఊరు కూడా కాశీ అంత దూరం. ధర్మవరం నేతగాళ్ళ వీధిలో రామాంజులుకైతే ఇంకా దూరం. పెళ్ళయిన నాటినుంచి అతని భార్య ఓబులమ్మ అతన్ని ఒకే ఒక్కటి అడుగుతూ వచ్చింది. నగ కాదు, నట్ర కాదు. తను పుట్టిన పల్లెకు పోయి, దాని వెనకున్న సున్నపురాతి కొండలో గాజుల గవి అనే గుహను ఒక్కసారి చూసి రావాలని. రామాంజులు కాదంటే ఆవిడ పోట్లాడేదే. కానీ అతను ఏనాడూ కాదనలేదు.

"ఈ పడుగు దిగనీ మే, పోదాం" అనేవాడు.

పడుగు దిగడమంటే, మగ్గానికెక్కించిన నిలువు పోగులన్నీ చీరలుగా నేసి ముగించడం. వినడానికి బాగానే ఉంటుంది. నేతగాడి ఇంట్లో అది జరిగే పనేనా? పాత పడుగు కొసలు మగ్గం మీద ఉండగానే కొత్త పడుగు తెచ్చి, పోగుకు పోగు మెలిపెట్టి అతికేస్తారు. అది ముగిసేలోగా ఇంకొకటి వస్తుంది. రేపు అన్నదానికి రూపు లేదంటారే, రామాంజులు పడుగూ అంతే. అతుకు మీద అతుకు పడుతూ ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. కూతురు మారెక్క పుట్టి, పెరిగి, కొత్తచెరువులో కాపురానికి పోయి, ఇద్దరు పిల్లల తల్లయింది. గవి మాత్రం అక్కడే ఉంది, ఓబులమ్మ ఇక్కడే ఉంది.

మొగుడు నేస్తుంటే పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టుపోగు చుట్టడం ఆవిడ పని. చేయి రాట్నం తిప్పుతుంటే నోరు ఆ కొండదారి నడిచేది. ఏనుగు వీపు బండ దాటితే మింగుడు మడుగు, మడుగు దాటితే ఊదేబొక్క, దాని పైన గవి. చెప్పిందే చెప్పేది. రామాంజులు ఊకొట్టేవాడు కాదు, తల ఎత్తేవాడు కాదు. అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పోతూనే ఉండేది. "గోడకు చెప్పినా ఒగటే, నీకు చెప్పినా ఒగటే" అని విసుక్కుని, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేది.

ఆ గవిలో ఏముందని ఇంత తపన అంటే, చెప్పాలి.

ఓబులమ్మ పుట్టిన చిన్నబండపల్లెలో ఉన్న కాసిని గడపలూ ముతక నూలు చీరలు నేసుకునే వాళ్ళవే. ఆడపిల్లకు లగ్నం పెట్టుకున్నాక తల్లి ఆమెను గవికి తీసుకుపోయేది. లోపల కొంత దూరం నడిస్తే గోడలో ఒక చీలిక. లేత పిల్ల ఒళ్ళు మాత్రమే పట్టే సందు అది. తల్లి ఇవతలే కూర్చుని, పిల్ల నడుముకు నూలుపోగు కొస కట్టి, నూలుండను చేతిలో పెట్టుకుని వదులుతూ ఉంటుంది. పిల్ల చిన్న దీపం పట్టుకుని లోపలికి పోతుంది. ఉండ మొత్తం అయిపోయేసరికి గాజుల గది వస్తుంది. అక్కడ పైనుంచి చుక్క చుక్కగా పడే సున్నపు నీళ్ళకు నేలలోంచి తెల్లటి రాతివేళ్ళు మొలిచి ఉంటాయి. తన తల్లి గాజు ఏ వేలికి ఉందో వెతికి, అదే వేలికి పిల్ల తన మట్టిగాజు ఒకటి తొడిగి రావాలి. ఆ గదిలోంచి తెచ్చిన చెంబెడు నీళ్ళు కలిపి పెళ్ళిస్నానం చేయిస్తారు. ఏళ్ళ తరబడి చుక్కలు పడి పడి ఆ గాజు కూడా తెల్లగా రాయి కట్టిపోతుంది. మగవాళ్ళు ఆ చీలిక దాటకూడదు.

ఓబులమ్మ తన తల్లి గాజును అక్కడ వేలితో తడిమింది. అప్పటికే అది సగం రాయి. దాని మీద తన ఎర్రగాజు తొడిగింది. బయట తల్లి గొంతు వినిపించింది: "ఉండ అయిపాయ మే, ఇంగ రా!" బయటికొచ్చాక తల్లి ఆమె నడుముకున్న పోగు విప్పుతూ, "అత్తగారింట్లో గాజులు పగులుతాయి, మారతాయి. ఈడ పెట్టింది పగలదు. నీది నా మీదనే ఉంటాది" అంది.

మారెక్క చంకపిల్లగా ఉన్నప్పుడు ఆ తల్లి పోయినట్టు కబురొచ్చింది. మగ్గం మీద ఎవరిదో పెళ్ళిచీర ఉంది. ముహూర్తం దగ్గరపడిందని షావుకారు మనిషి వాకిట్లోనే కూర్చున్నాడు. "కొంగొక్కటే మే మిగిలింది, నేసేసి తెల్లారి పోదాం" అన్నాడు రామాంజులు. వీళ్ళు పోయేసరికి ఆవిడను మట్టి చేసేశారు. ఓబులమ్మ ఆ మట్టి దగ్గర కాసేపు కూర్చుని, పిల్లనెత్తుకుని వచ్చేసింది. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని రామాంజులు చాలాసార్లు అనుకున్నాడు.

ఆ తర్వాత వరసగా కరువులు. బావులెండి, పల్లెలో నేతగాళ్ళు తలా ఒక దిక్కుకు పోయారు. తల్లిగారింటి కాకి కూడా ఆడదానికి ముద్దే అంటారు గానీ, కాకి వాలడానికైనా ఇంటికి కప్పుండాలి కదా! ఓబులమ్మ పుట్టింటి కప్పు బండల్ని ఎవరో ఊడబీకి బండ్లమీద వేసుకుపోయారు. ఇల్లు లేదు, తల్లి లేదు, పిలిచేవాళ్ళు లేరు. ఇక ఆవిడకు పుట్టిల్లంటూ మిగిలింది రాతివేలికున్న ఆ గాజు ఒక్కటే. చనిపోయేలోగా దాన్ని మరొకసారి తాకాలి. ఆవిడ కోరిక అంతే.

ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో పట్టు ధర మండిపోయి, షావుకార్లు పట్టునూలు ఇవ్వడం ఆపేశారు. వీధిలో ఒక్కో మగ్గమే నోరు మూసుకుంది. రామాంజులు మగ్గం మీద చివరి చీర కోసి తీశాక, అతకడానికి పడుగు లేదు. బోడి మగ్గం ముందు అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఓబులమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, పడుగు దిగిందా?"

"దిగింది."

"ఇంగేం సాకు చెప్తావు?"

రామాంజులు మగ్గం వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. "సాకేముండాది? రేపే పోదాం పా" అన్నాడు.

ఆ రాత్రి ఓబులమ్మ అటక మీదినుంచి ఒక గుడ్డమూట దించింది. పడుగు అతికినప్పుడల్లా కత్తిరించి పారేసే పట్టుకొసలు అందులో ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా వాటిని దాచింది. తెల్లారేలోగా వాటిని ముడివేసి ముడివేసి ఒక ఉండగా చుట్టింది. అప్పుడు గవిలో తల్లి చేతిలో ఉన్న ఉండ ఎంతో, ఇదీ అంతే ఉండేట్టు చూసుకుంది. రామాంజులు దాన్ని చూసి, "ఎన్ని సార్లు పోదామంటినో అన్నీ ఈడనే ఉండాయే" అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

గుత్తిలో రైలు దిగి, తాడిపత్రి బస్సెక్కి, దారిలో ఒక మలుపు దగ్గర దిగారు. అక్కడినుంచి నడక. నేలంతా పలకలు పలకలుగా నాపరాయి. చేను గట్లు బండలే, కూలిన గోడలు బండలే. తంగేడు పొదలు కూడా బండల సందుల్లోంచే లేచాయి. చిన్నబండపల్లెలో మొండిగోడలు తప్ప ఏమీ లేవు. ఓబులమ్మ ఒక గడప ముందు నిలబడి లోపలికి చూసింది. లోపల జిల్లేడు మొలిచింది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని ముందుకు నడిచింది.

కొండ మొదట్లో బోదగడ్డి కప్పిన ఒక కొట్టం, దాని ముందు నాలుగు మేకలు. కొట్టంలోంచి వంగిన నడుముతో ఒక ఆడమనిషి బయటికొచ్చి, చేయి అడ్డం పెట్టుకుని చూసింది. బయమ్మ. ఓబులమ్మతో గచ్చకాయలాడిన మనిషి. మొగుడు పోయాక తిరిగొచ్చి, ఊరంతా పోయినా మేకల్ని పట్టుకుని ఇక్కడే ఉండిపోయింది.

"ఎవురదీ? ఓబులూ! సచ్చినావేమో అనుకుంటి గదనే!"

"సచ్చేముందర ఒగసారి చూసిపోదామని వస్తి" అంది ఓబులమ్మ, ఆమెను కావలించుకుని.

బయమ్మ రామాంజుల్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఏం బావా, ఇన్నేండ్లకు దోవ తెలిసెనా? మా పిల్లను గుంతలో దాచి పెట్టుకుంటివే!" అంది. రామాంజులు తలొంచుకున్నాడు. ఆవిడ చల్ల పోసి ఇచ్చింది. గవి సంగతి అడిగితే, అటుపక్క బండలు తీసేవాళ్ళు మందు పెట్టి పేలుస్తుంటే కొండంతా అదురుతోందని, తను ఆ చీలిక దగ్గరికి పోయి చాలా ఏళ్ళయిందని చెప్పింది. "ఆడపిల్లలే లేకపాయ, ఇంగెవరిని తోలకపొయ్యేది?" అంది.

ఇద్దరూ కొండెక్కసాగారు. ఓబులమ్మ ముందు, రామాంజులు వెనక. ఎండకు కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. కాస్త దూరం పోయాక ఆవిడ ఆగి, "ఇదో, ఇదీ..." అని చెయ్యెత్తింది.

"ఏనుగు వీపు బండ" అన్నాడు రామాంజులు వెనకనుంచి.

ఆవిడ తిరిగి చూసింది. అతను ఏమీ ఎరగనట్టు చెమట తుడుచుకుంటున్నాడు.

బండ దాటితే వంక. వాన పడినప్పుడు కొండ మీది నీళ్ళన్నీ పారి వచ్చి అక్కడొక గుండ్రటి గుంటలో పడి మాయమైపోతాయి. ఎంత పెద్ద వానకైనా అది నిండదు. ఇప్పుడు ఎండి, అడుగున గులకరాళ్ళు తేలి ఉంది.

"మింగుడు మడుగు" అన్నాడు రామాంజులు. "చిన్నప్పుడు మీ ఎర్రమేకపిల్ల దీంట్లోనే గదా పడింది."

"నీకెట్ల తెలుసు?"

"నువ్వే గదా చెప్పింది."

ఓబులమ్మ మడుగు గట్టున నిలబడిపోయింది. ముప్పై ఏళ్ళు గోడకు చెప్పాననుకుంది. గోడ అన్నీ విని దాచిపెట్టుకుంది. ఆవిడకు గుండె నిండిపోయి, కోపం కూడా వచ్చింది. ఇంత విన్నవాడు ఒక్కసారి ఊకొడితే ఏం పోయింది?

అక్కడినుంచి నేల గుల్లగా మోగింది. అడుగేస్తే కింద ఎక్కడో మరో అడుగు పడినట్టు చప్పుడు. రామాంజులు చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు, ఎవరో నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు మెల్లగా నడిచాడు. ఊదేబొక్క దగ్గర బండలో పిడికెడు రంధ్రం, దానిలోంచి చల్లటి గాలి కొడుతోంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇద్దరూ దాని మీదికి మొహాలు వంచారు. కొండ లోపలి తడివాసన వచ్చింది. ఓబులమ్మ కళ్ళు మూసుకుంది. ఈ వాసన ఆవిడకు పెళ్ళినాటి వాసన, తల్లి వాసన. ఆవిడ ఎంతసేపటికీ లేవకపోతే రామాంజులు రెక్క పట్టి లేపాడు.

గవి వాకిలి దగ్గర లాంతరు వెలిగించుకుని లోపలికి నడిచారు. నాలుగు అడుగుల్లో ఎండ వెనకబడింది. చీలిక ఉన్నచోటే ఉంది. దాని పక్కన తల్లులు కూర్చునే బండ అరిగి నున్నగా ఉంది. ఓబులమ్మ బండకు పసుపు రాసి, కొంగు బిగించి, చీలికలోకి పక్కవాటుగా భుజం పెట్టింది. భుజం పోయింది. తల పోయింది. నడుము దగ్గర ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి మళ్ళీ దూరింది. చేతిగాజులు రాతికి కొట్టుకుని రెండు పగిలాయి. ఇంకా తోసుకుంటుంటే రామాంజులు పట్టుకుని వెనక్కి లాగాడు.

"పట్టవు మే. ఇడ్సిపెట్టు."

ఆవిడ ముందు నవ్వింది. "పద్నాలుగేండ్ల పిల్లనే అనుకుంటి" అంది. తర్వాత ఆ బండమీద కూలబడి ఏడ్చింది. తల్లి చచ్చిపోయిన రోజు ఏడవని ఏడుపు అది. ఇంత దూరం వచ్చి, గోడకు ఇవతల ఆగిపోయింది.

రామాంజులు నిలబడి చూశాడు, చూశాడు. చొక్కా విప్పి పక్కన పెట్టాడు. గుంతమగ్గం అతని ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగల్చలేదు. "నేను పోతా" అన్నాడు.

"మొగోళ్ళు దాటగూడదయ్యా."

"ఎవురు జూసేకి వస్తారు? ఊరే లేకపాయ."

ఓబులమ్మ ముక్కు చీది, చీలిక వైపు తిరిగి చేతులు జోడించింది. "అమ్మా, నీ అల్లుడొస్తాండాడు. ఆ పొద్దు రాలేకపోయినాడు, ఇప్పుడొస్తాండాడు. కోప్పడద్దు" అంది. తర్వాత పట్టుండ తీసి, కొస అతని మొలకు కట్టింది. అతను లాంతరు పట్టుకుని పక్కవాటుగా ఒదిగి లోపలికి జారిపోయాడు.

చీకట్లో ఆవిడ వేళ్ళ మధ్యనుంచి పోగు కదలసాగింది. ఒక ముడి వెళ్ళింది. ఆవిడ మనసు ఆ పోగు వెంట లోపలికి పోతోంది. ఇంకో ముడి వెళ్ళింది. ఇంకొకటి. ఆ తర్వాత పోగు ఆగింది.

కాసేపు చూసింది. మళ్ళీ కదలలేదు. ఉండ ఇంకా చేతి నిండా ఉంది.

"ఏమయ్యా?" అని పిలిచింది. మళ్ళీ గొంతు పెంచింది: "ఏమయ్యా, చేరినావా?"

చాలాసేపటికి గొంతు వచ్చింది. "ఆ, చేరినా."

ఓబులమ్మ ఉండను అరచేతిలో తూచింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి నూలు చుట్టిన చేయి అది. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ఆ చేతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గాజుల గది చేరాలంటే ఉండ మొత్తం అయిపోవాలి. రామాంజులు దగ్గర్లోనే ఎక్కడో నిలబడి ఉన్నాడు.

"కనపడినాయా?" అంది.

"కనపడినాయి మే. తెల్లగుండాయి, యాడ జూసినా వేళ్ళే. మీయమ్మది దొరికింది. దానిమీదనే నీది ఉండాది. నీది గూడా తెల్లబడింది. రెండూ కలిసిపోయి ఒగటే అయినాయి మే. యాది నీదో, యాది ఆమెదో చెప్పేకి కాదు."

అంతా ఆవిడ రాట్నం ముందు కూర్చుని చెప్పిన మాటలే. చివరి మాట మాత్రం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఓబులమ్మ చీకట్లో తల రాతికి ఆనించింది.

"తాకినావా?"

"తాకినా. సల్లగుండాది."

"సరే. ఇంగ రా."

అతను తిరిగి వస్తుంటే ఆవిడ పోగును మళ్ళీ ఉండకు చుట్టుకుంది. అతని మోచేయి దోక్కుపోయి నెత్తురు కారుతోంది, వేళ్ళ నిండా మట్టి. ఆవిడ కొంగుతో తుడిచింది.

దిగేటప్పుడు బయమ్మ, "చూసినారా?" అంది. "ఆయప్ప చూసినాడు" అని చెప్పింది ఓబులమ్మ. బయమ్మ కొండమీద ఏరి ఎండబెట్టిన కలేకాయలు ఆవిడ ఒడిలో పోసి పంపింది.

బస్సు కోసం మలుపు దగ్గర తుమ్మచెట్టు కింద కూర్చున్నారు. పొద్దు వాలుతోంది. వెనక కొండ తెల్లగా, మౌనంగా ఉంది. ఓబులమ్మ ఒళ్ళో పట్టుండ పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పుతోంది.

"ఇంగోసారి చెప్పయ్యా. లోపల ఎట్లుండాది?"

రామాంజులు గొంతు సవరించుకున్నాడు. "సందు దాటితే దోవ వంగుతాది. ఇంగ కొంచెం పోతే ఎడమపక్క తెర మాదిరి రాయి. దాని ఎనక..."

"ఎడమపక్క గాదు, కుడిపక్క" అంది ఓబులమ్మ.

రామాంజులు ఆగిపోయాడు. భార్య మొహం చూశాడు, ఒళ్ళో ఉండ చూశాడు. చీరకు ఎన్ని పోగులు పట్టేదీ నిద్రలో లేపినా చెప్పగలిగినవాడు, నూలు చుట్టేదాని చేతిలో ఉండ పెట్టి, దాని కొస మొలకు కట్టుకుని అబద్ధమాడాడు.

"తెల్సిపోయిందా?"

"ఉండ తగ్గలేదు గదయ్యా."

అతను గోళ్ళలో మట్టి గీరుకున్నాడు. "పైబండ ఇరిగి పడింది మే. మందు పేల్చినప్పుడే పడిందో ఏమో. దోవంతా మూసుకపోయింది. బండ కింద చేయి పెట్టి తవ్వి చూస్తి, యేలు గూడా పట్టలేదు. ఆ పొద్దు పెండ్లిచీర అని మీయమ్మను చూడనీకపోతి. ఈ పొద్దు గాజు గూడా లేదని ఏం మొగం పెట్టుకోని చెప్పల్ల?" అన్నాడు. ఆ పెళ్ళిచీర మాట అనడానికి అతనికి ఇన్నేళ్ళు పట్టింది.

ఓబులమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అతని దోక్కుపోయిన మోచేతి మీద చేయి వేసింది.

"లేదని ఎవురన్నారు? బండెనక ఉండాది. ఇంగ ఎవురూ తీసుకపోలేరు."

"ఆ."

"రెండూ కలిసి ఒగటే అయినాయంటివి గదా."

"అది నేను కల్పించి చెప్పింది మే."

"తెలుసు. అదే ఇంగోసారి చెప్పు."

బస్సు ఇంకా రాలేదు. రామాంజులు మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈసారి తెరను కుడిపక్కే పెట్టాడు. ఓబులమ్మ ఊకొడుతూ వింది.